తప్పు చేస్తే తప్పని చెప్పే లాంగ్వేజ్‌తో మొదలుపెట్టు

ప్రశ్న: అక్కా, మాది పాలకొండ దగ్గర పల్లెటూరు. డిగ్రీ రెండో ఏడాది, కంప్యూటర్ సైన్స్. టెన్త్ దాకా తెలుగు మీడియం. కాలేజీలో సీ చెప్పారు, ల్యాబ్ రికార్డు రాశాను కానీ సొంతంగా ఒక్క ప్రోగ్రామ్ కూడా రాయలేను. మా బావ జావా అయితేనే జాబ్ అంటాడు, ఫ్రెండ్స్ అంతా పైథాన్, ఏఐ అంటున్నారు, సార్‌ని అడిగితే ముందు సీ గట్టిగా రావాలన్నారు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఫుల్‌స్టాక్ కోర్సుకి 45 వేలు చెప్పారు, నాన్న అప్పు తెచ్చయినా కడతానంటున్నారు. నా దగ్గర ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది, మామయ్య ఇచ్చిన పాత కంప్యూటర్ ఉంది, అందులో విండోస్ 7. దేంతో మొదలుపెట్టాలి? తప్పు లాంగ్వేజ్ పట్టుకుంటే రెండేళ్ళు వేస్ట్ అయిపోతాయేమోనని భయంగా ఉంది.

సమాధానం:

తమ్ముడూ, ముందు నీకు కావాల్సిన ముక్క చెప్పేస్తా, పైథాన్‌తో మొదలుపెట్టు. ఏఐ కోసం అని మాత్రం అనుకోకు, అది చాలా తర్వాతి సంగతి. దానికి లెక్కలు కావాలి, డేటా మీద పట్టు కావాలి, పైథాన్ వచ్చినంత మాత్రాన ఎవరూ పిలిచి ఏఐ ఉద్యోగం ఇవ్వరు. నేను పైథాన్ అనడానికి కారణం వేరే ఉంది, అదే కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే కారణం అర్థమైతే రేపు ఇంకో నలుగురు ఇంకో నాలుగు పేర్లు చెప్పినా నువ్వు కంగారుపడవు.

కొత్తగా నేర్చుకునేవాడు మొదటి మూడు నాలుగు నెలలు రాసేదాంట్లో ఎక్కువ భాగం తప్పులే ఉంటాయి, ఎంత తెలివైనవాడికైనా అంతే. కాబట్టి మొదటి లాంగ్వేజ్‌ని ఎంచుకునేటప్పుడు అది కరెక్ట్‌గా రాసినప్పుడు ఎంత బాగా పనిచేస్తుందో కన్నా, తప్పు రాసినప్పుడు మనతో ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి. తప్పు జరిగిన చోటే ఆగి ఫలానా లైన్లో ఫలానా తప్పు అని చెప్పేది కావాలి. చెప్పకుండా ఏదో ఒక జవాబు చూపించేసి ముందుకెళ్ళిపోయేది మొదట్లో వద్దు.

ఒక చిన్న ప్రోగ్రామ్ తీసుకో. స్టూడెంట్ మార్కులు అడగాలి, దానికి 5 గ్రేస్ మార్కులు కలపాలి, చూపించాలి, అంతే. 45 టైప్ చేశావనుకో, 50 రావాలి. ఇది బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌లో రాసి, వచ్చిన మార్కుల్ని నంబర్‌గా మార్చడం మర్చిపోయావంటే అది 455 అని చూపిస్తుంది. ఎందుకంటే నువ్వు టైప్ చేసిన 45 దాని దృష్టిలో నంబర్ కాదు, అక్షరాల ముక్క, దాని పక్కన 5 అతికించేసింది. ఎర్రర్ రాదు, ఏమీ రాదు. మార్కులు కాబట్టి నువ్వు వెంటనే పట్టుకుంటావు, అదే పెద్ద లెక్క మధ్యలో ఎక్కడో జరిగితే పట్టుకోవడానికి రోజంతా పడుతుంది. పైథాన్‌లో అదే తప్పు చెయ్యి, కలిపే లైన్ దగ్గరే ఆగిపోయి, లైన్ నంబర్ చూపించి, టైప్ఎర్రర్, స్ట్రింగ్‌కి స్ట్రింగే అతుకుతుంది ఇంటీజర్ అతకదు అని చెప్తుంది. ఆ ఒక్క ఎర్రర్‌తో నీకు స్ట్రింగ్ వేరు నంబర్ వేరు అనే విషయం జన్మలో మర్చిపోకుండా ఎక్కేస్తుంది.

ఇక సీ. మార్కులు తీసుకోవడానికి స్కాన్‌ఎఫ్ రాసేటప్పుడు వేరియబుల్ ముందు ఆ ఆంపర్‌శాండ్ గుర్తు పెట్టడం మర్చిపోతే ఏమవుతుందో నీకు ల్యాబ్‌లో అనుభవమయ్యే ఉంటుంది. కంపైలర్, అంటే మనం రాసింది మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చేది, మహా అయితే ఒక వార్నింగ్ ఇస్తుంది, రన్ చేస్తే ఒకోసారి ప్రోగ్రామ్ ధడేల్న ఆగిపోతుంది, ఒకోసారి ఏదో పిచ్చి నంబర్ వస్తుంది, కారణం ఎక్కడా ఉండదు. అలాగే పది గడుల అర్రే పెట్టుకుని పదకొండో గడిలో ఏదో రాశావనుకో, సీ ఆపదు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు వెళ్ళి ఆ పక్కనున్న మెమొరీలో రాసేస్తుంది, అక్కడ నీదే ఇంకో వేరియబుల్ ఉంటే దాని విలువ మారిపోతుంది, నువ్వేమో ఆ వేరియబుల్‌ని ఎక్కడ మార్చానా అని ప్రోగ్రామ్ అంతా వెతుక్కుంటూ కూర్చుంటావు. పైథాన్‌లోనూ జావాలోనూ ఇండెక్స్ హద్దు దాటింది అని అక్కడికక్కడే చెప్పేస్తాయి.

నువ్వు సొంతంగా ఒక్క ప్రోగ్రామ్ రాయలేకపోవడానికి నీ బుర్ర కారణం కాదని ఇందుకే అంటున్నా. రికార్డులో ఉన్నది చూసి ఎక్కించడం, అవుట్‌పుట్ వచ్చిందా సంతకం పెట్టించుకోవడం, ఈ పద్ధతిలో తప్పు చేసి దిద్దుకునే అవకాశమే రాలేదు నీకు. పైగా చాలా ల్యాబుల్లో ఇప్పటికీ నీలం తెర టర్బో సీ నడుస్తోంది, అది 1990ల మొదట్లో డాస్ కోసం చేసిన సరుకు. అందులో క్లియర్ స్క్రీన్ అనీ గెట్‌చ్ అనీ రాసిన ప్రోగ్రామ్ ఇంటికొచ్చి లైనక్స్‌లో (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికేది) జీసీసీ అనే సీ కంపైలర్ మీద పెడితే, ఆ రెండూ ఉండే కోనియో హెడర్ ఫైలే లేదంటుంది. పిల్లలు అది తమ తప్పనుకుంటారు, చాలా బాధేస్తుంది నాకు అది చూస్తే.

అలాగని మీ సార్ మాట తీసెయ్యకు. సీ అంటే 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేసిన లాంగ్వేజ్, లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ చాలావరకు అందులోనే ఉంది, మనం మామూలుగా వాడే పైథాన్ కూడా లోపల సీ లోనే రాశారు. హార్వర్డ్ వాళ్ళ సీఎస్50 కోర్సు కూడా మొదట స్క్రాచ్‌తో ఒక వారం ఆడించి తర్వాత కొన్ని వారాలు సీ చెప్పి ఆ తర్వాతే పైథాన్‌కి వెళ్తుంది. కానీ అక్కడ తప్పు ఎక్కడుందో చెప్పే టూల్స్, పక్కన కూర్చుని చూపించే మనుషులు ఉంటారు. నీకు ఊళ్ళో రాత్రి పదింటికి ఎర్రర్ వస్తే అడగడానికి ఎవరూ లేరు, ఆ స్క్రీన్ మీద వచ్చే మెసేజే నీ సార్.

సీ ని రెండోదిగా పెట్టుకో, అప్పుడు అది బలే రుచిస్తుంది. ఎలాగో ఒకటి చెప్తా, లెక్కల్లో ఫ్యాక్టోరియల్ తెలుసుగా. 13 ఫ్యాక్టోరియల్ కట్టమని పైథాన్‌ని అడుగు, 6227020800 అని కరెక్ట్‌గా ఇస్తుంది, 100 ఫ్యాక్టోరియల్ అడిగినా పొడుగ్గా మొత్తం అంకెలన్నీ ఇస్తుంది. అదే జావాలో మామూలు ఇంట్ పెట్టి రాస్తే 12 దాకా బాగానే వస్తుంది, 13 దగ్గర 1932053504 అని చూపిస్తుంది, సీ లోనూ సాధారణంగా ఇదే వస్తుంది, ఎర్రర్ ఉండదు. ఆ నంబర్ ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఇంట్‌కి 32 బిట్లే జాగా ఉంది, అందులో పట్టే పెద్ద నంబర్ 2147483647, మన జవాబు అంతకన్నా పెద్దది కాబట్టి దాంట్లోంచి 2 పవర్ 32 అంటే 4294967296 పోయింది, మిగిలిందే అది. కాగితం మీద తీసివేసి చూసుకో. పైథాన్ ఈ గొడవ అంతా నీకు కనపడకుండా చూసుకుంటుంది, మొదట్లో అదే కావాలి, కానీ ఎప్పటికీ కనపడకుండానే ఉండిపోతే కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో తెలీదు, అందుకే ఆరేడు నెలల తర్వాత సీ కి తిరిగి రా. అప్పుడు పాయింటర్స్, అంటే మెమొరీ అడ్రస్‌లు దాచుకునే వేరియబుల్స్, కూడా అంత భయపెట్టవు, లూపులు ఫంక్షన్లు ఎలాగూ వచ్చేసి ఉంటాయి కాబట్టి నీ బుర్రంతా ఆ ఒక్కదాని మీదే పెట్టొచ్చు. కాలేజీ పరీక్షకి సీ ఉంటే పరీక్ష కోసం చదువుకో, అది ఆపమనట్లేదు.

మీ బావ చెప్పింది కూడా అబద్ధం కాదు. జావా 1995లో వచ్చింది, బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో, మన సర్వీస్ కంపెనీల ప్రాజెక్టుల్లో బోలెడంత జావా ఉంది, ఇంకా చాలా ఏళ్ళు ఉంటుంది. తప్పులు పట్టడంలో కూడా జావా చాలా గట్టిది, కొన్ని విషయాల్లో పైథాన్ కన్నా ముందే పట్టేస్తుంది. ఉదాహరణకి టోటల్ అనే వేరియబుల్‌కి విలువ వేసేటప్పుడు ఒక అక్షరం తప్పు కొడితే పైథాన్ అదేదో కొత్త వేరియబుల్ అనుకుని ఊరుకుంటుంది, జావా అయితే కంపైల్ కూడా అవ్వనివ్వదు. పైథాన్‌లో ఇది నిజంగా లోపమే, నువ్వు జాగ్రత్తగా ఉండాలి. మరి జావా ఎందుకు వద్దన్నానంటే, ఒక్క లైన్ స్క్రీన్ మీద చూపించడానికి క్లాస్, పబ్లిక్, స్టాటిక్, వాయిడ్, మెయిన్ అని అర్థం తెలియని మాటలు అరడజను రాయాలి, అవి ఎందుకో ఎవరూ చెప్పరు, తర్వాత తెలుస్తుందిలే అంటారు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన జావా 25లో ఈ తంతు చాలావరకు తీసేశారు, చిన్న ప్రోగ్రామ్‌కి క్లాస్ రాయక్కర్లేదు ఇప్పుడు, అది మంచి మార్పు, కానీ నీకు దొరికే పుస్తకాలూ వీడియోలూ ఎక్కువ పాతవే ఉంటాయి. పైథాన్ వచ్చాక జావాకి వెళ్తే నీకు కొత్తగా నేర్చుకోవాల్సింది సగం కూడా ఉండదు. కాలేజీలకొచ్చే కంపెనీల కోడింగ్ టెస్టుల్లో కూడా మామూలుగా సీ, సీ ప్లస్ ప్లస్, జావా, పైథాన్ వీటిల్లో నీకు వచ్చింది ఎంచుకోనిస్తారు, కాబట్టి పైథాన్‌తో మొదలుపెడితే తలుపులు మూసుకుపోతాయన్న భయం వద్దు.

ఈ సలహా నీ పరిస్థితికి. నీకు వెబ్‌సైట్లు చెయ్యాలనే పిచ్చి ఉంటే జావాస్క్రిప్టే అనేదాన్ని, ఎందుకంటే బ్రౌజర్‌లో నడిచేది అదే, ఇష్టం ఉంటే ఆ 455 బాధలు ఎలాగోలా పడొచ్చు. ఎంటెక్ సీట్ల కోసం రాసే గేట్ పరీక్షలో కంప్యూటర్ సైన్స్ పేపర్ రాసేవాళ్ళకి సీ తప్పదు, సిలబస్‌లోనే ఉంది, 2024 నుంచి పెట్టిన డేటా సైన్స్, ఏఐ పేపర్‌కి మాత్రం పైథాన్. ఆండ్రాయిడ్ యాప్‌లైతే కాట్లిన్.

ఇప్పుడు నీ మెషీన్ సంగతి, ఇది జాగ్రత్తగా చదువు. విండోస్ 7 మీద పైథాన్ 3.8 వరకే ఎక్కుతుంది, 3.9 నుంచి ఎక్కదు, కొత్తది డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ అవ్వట్లేదని తల పట్టుకోకు. 3.8తోనూ నేర్చుకోవచ్చు గానీ నేను చెప్పిన ఆ ఎర్రర్ మెసేజ్‌లు 2021 అక్టోబర్‌లో వచ్చిన 3.10 నుంచి చాలా బాగుపడ్డాయి. పాతదాంట్లో బ్రాకెట్ మూయడం మర్చిపోతే ఏ తప్పూ లేని తర్వాతి లైన్‌ని చూపించి ఇన్‌వ్యాలిడ్ సింటాక్స్ అనేది, కొత్తదాంట్లో ఫలానా చోట తెరిచిన బ్రాకెట్ మూయలేదు అని చెప్తుంది, పేరు తప్పు కొడితే నీ ఉద్దేశం ఇదేనా అని దగ్గర పేరు చూపిస్తుంది. ఒంటరిగా నేర్చుకునేవాడికి ఈ తేడా చిన్నది కాదు. అందుకని నీ కంప్యూటర్ 64 బిట్‌ది అయితే, అందులో ఉన్న ఫోటోలూ ఫైళ్ళూ పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకుని, లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటిది వేసెయ్, పాత మెషీన్ మీద కూడా బాగా నడుస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, పైథాన్ అందులోనే ఉంటుంది. డౌన్‌లోడ్ పెద్దది కాబట్టి కాలేజీ ల్యాబ్‌లో నెట్ ఉంటే అక్కడ ఇన్‌ఛార్జిని అడిగి పెన్‌డ్రైవ్‌లో వేయించుకో. రాసుకోవడానికి థానీ అని ఒక ఎడిటర్ ఉంది, ఎస్టోనియాలో టార్టు యూనివర్సిటీ వాళ్ళు కొత్తవాళ్ళ కోసమే చేశారు, ప్రోగ్రామ్‌ని ఒక్కో అడుగు నడిపించి ఏ వేరియబుల్‌లో ఏముందో పక్కనే చూపిస్తుంది, అది పెట్టుకో.

ఫోన్‌లో అయితే పైడ్రాయిడ్ 3 అనే యాప్ ఉంది, నెట్ లేకపోయినా నడుస్తుంది. కానీ పైథాన్‌లో లైన్ ముందు ఖాళీలు లెక్క ప్రకారం ఉండాలి కదా, చిన్న తెర మీద బొటనవేళ్ళతో ఆ ఖాళీలూ బ్రాకెట్లూ కొట్టడం విసుగొస్తుంది, ఓటీజీ కేబుల్ పెట్టి ఆ పాత కంప్యూటర్ యూఎస్‌బీ కీబోర్డ్‌నే ఫోన్‌కి తగిలించి చూడు, చాలా ఫోన్లు తీసుకుంటాయి.

ఇంగ్లీష్ గురించి నువ్వు పెద్దగా రాయలేదు గానీ తెలుగు మీడియం అని చెప్పావంటే ఆ బెంగ ఉందని నాకు తెలుస్తోంది. పైథాన్‌లో కీవర్డ్‌లు మొత్తం 35, ఇఫ్, ఎల్స్, ఫర్, వైల్, ఇన్, నాట్ ఇట్లాంటివి, మొదటి మూడు నెలల్లో నీకు ఇందులో ఇరవై కూడా అవసరం పడవు. ఇంకో మంచి సంగతి, పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగు అక్షరాల్లోనే పెట్టుకోవచ్చు, మార్కులు అని తెలుగులో రాసి దానికి ఈక్వల్ టు 45 అను, చక్కగా పనిచేస్తుంది. మొదటి వారం రెండు వారాలు అలా రాయి, ఏది పైథాన్ మాటో ఏది నువ్వు పెట్టుకున్న పేరో కళ్ళకి విడిగా కనపడుతుంది, పుస్తకాల్లో రెండూ ఇంగ్లీష్‌లో కలిసిపోయి ఉండడం వల్లే చాలామంది తికమకపడతారు. అలవాటయ్యాక ఇంగ్లీష్ అక్షరాలకి మారిపో, రేపు టీమ్‌లో వేరేవాళ్ళు చదవాలి కదా.

ఎర్రర్ మెసేజ్ పొడుగ్గా వస్తే పైనుంచి చదవకు. అట్టడుగు లైన్ ముందు చదువు, ఏం తప్పో అక్కడ ఉంటుంది, దాని పైన ఏ లైన్లో జరిగిందో ఉంటుంది, చాలాసార్లు ఆ రెండే చాలు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని వచ్చిన ప్రతి కొత్త ఎర్రర్‌నీ రాసి, దాని పక్కన ఎందుకొచ్చిందో నీ మాటల్లో తెలుగులో రాసుకో. తిరిగి తిరిగి వచ్చేవి పదీ పదిహేనే ఉంటాయి, ఆ నోట్‌బుక్ నిండేసరికి నీ భయం సగం పోతుంది. చాట్‌జీపీటీ లాంటివి కూడా వాడుకో, ఈ ఎర్రర్ అర్థమేంటో తెలుగులో చెప్పు అని అడుగు, చెప్తుంది, అప్పుడప్పుడూ తప్పు కూడా చెప్తుంది కాబట్టి చెప్పింది చేసి చూసి నమ్ము. సరిచేసిన కోడ్ ఇమ్మని మాత్రం అడక్కు, అది ఇస్తే నువ్వు మళ్ళీ రికార్డు ఎక్కించే స్టూడెంట్‌వి అయిపోతావు.

పాఠాలకి ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల వాళ్ళ ఆన్‌లైన్ పాఠాల సైట్) ఐఐటీ రోపర్ సుదర్శన్ అయ్యంగార్ గారి జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్ ఉంది, వీడియోలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకి మాత్రం ఫీజు. తర్వాత చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ మాధవన్ ముకుంద్ గారి కోర్సు ఉంది, అది కొంచెం గట్టిగా ఉంటుంది, డేటా స్ట్రక్చర్స్‌తో సహా చెప్తారు. రెండూ ఇంగ్లీష్‌లోనే, స్పీడ్ తగ్గించుకుని సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడు. తెలుగులో యూట్యూబ్ వీడియోలూ చాలా ఉన్నాయి, ఎవరిదైనా ఒక్కరిదే పట్టుకుని చివరిదాకా చూడు. ఒక వీడియో చూస్తే అంతకు రెండింతల సేపు నువ్వు టైప్ చెయ్యాలి, ఈ లెక్క తప్పకు.

ఇక నీకు సీరియస్‌గా ఒక పని చెప్తున్నా. మూడో నెలకల్లా మీ ఊళ్ళో చీటీ పాట లెక్క ప్రోగ్రామ్‌గా రాయి. 20 మంది, నెలకి తలా 2,000, మొత్తం 40,000, ఈ నెల ఒకాయన 6,000 తోసి పాడాడు అనుకో, అతనికి 34,000 ఇస్తారు, ఆ 6,000 ఇరవై మందికి పంచితే తలా 300, కాబట్టి అందరూ ఈ నెల 1,700 కట్టాలి, చీటీ నడిపేవాళ్ళ కమిషన్ ఉంటే అది పోగా. లెక్క ఇంతే, ఇది రాయడానికి నీకు పది నిమిషాలు. అసలు ప్రోగ్రామింగ్ ఆ తర్వాత మొదలవుతుంది. పాట మొత్తం 40,000 కన్నా ఎక్కువ కొడితే ఏం చెయ్యాలి, నంబర్ బదులు పేరు కొడితే ప్రోగ్రామ్ పడిపోకుండా ఎలా, ఒకసారి పాడినవాడు మళ్ళీ పాడకుండా గుర్తుపెట్టుకోవడం ఎలా, కంప్యూటర్ ఆపేసి మళ్ళీ పెడితే పోయిన నెల లెక్క ఎక్కడుంది, 6,000ని 20తో భాగిస్తే సరిపోయింది గానీ 6,500ని 18 మందికి పంచితే మిగిలే పైసలు ఎవరి ఖాతాలో వెయ్యాలి. ఇవన్నీ నువ్వే ఆలోచించి, నువ్వే రాసి, మీ అమ్మ చేతికిచ్చి వాడమను, ఆవిడ నువ్వు అనుకోని చోట ఏదో ఒకటి నొక్కుతుంది, అది దిద్దు. అలా అమ్మ వాడుతుంటే పడిపోకుండా నిలబడింది అంటే నీకు మొదటి లాంగ్వేజ్ వచ్చినట్టే, ఇక నువ్వు జావాకి వెళ్ళినా సీ కి వెళ్ళినా నీకు కొత్త ఉండదు. అంతవరకు మాత్రం ఎవరేం చెప్పినా లాంగ్వేజ్ మార్చకు. రెండేళ్ళు వేస్ట్ అయ్యేది తప్పు లాంగ్వేజ్ ఎంచుకున్నవాళ్ళకి కాదు, నెల రోజులు ఇది నెల రోజులు అది అని తిరిగేవాళ్ళకి.

నాన్న చేత ఇప్పుడు అప్పు చేయించకు, దయచేసి. నాలుగు నెలల ఫుల్‌స్టాక్ కోర్సు అంటే అందులో హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, రియాక్ట్, జావా, స్ప్రింగ్, డేటాబేస్ అన్నీ పరిగెత్తిస్తారు, ఒక లాంగ్వేజ్ అప్పటికే వచ్చినవాడికి అది పనికొస్తుంది, లూప్ సొంతంగా రాయలేనివాడు మూడో వారంలో వెనకబెంచీకి వెళ్ళిపోతాడు, ఫీజు ఎలాగూ తిరిగిరాదు, పైన హాస్టల్ ఖర్చు. అమీర్‌పేటలో బాగా చెప్పేవాళ్ళు ఉన్నారు, నేను కాదనను. డిగ్రీ అయ్యాక, చీటీ ప్రోగ్రామ్ లాంటివి నాలుగైదు చేతిలో ఉండగా, అప్పటికీ వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, వెళ్ళేముందు డెమో క్లాస్ ఒకటి కాదు, కోర్సు మధ్యలో నడుస్తున్న క్లాస్‌లో ఒక రోజు కూర్చోనివ్వమని అడుగు, ఫీజు రెండు మూడు వాయిదాల్లో కడతానని అడుగు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటే ఏ కండిషన్ల మీదో కాగితం మీద రాసిమ్మని అడుగు. ఇవ్వనన్నవాళ్ళ దగ్గర కట్టకు.